మామ తెచ్చిన పండగ నోటు

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉన్న ఏడాది, మా మామ పరదేశంలో రెండేళ్లు కూలి చేసి తిరిగొచ్చాడు. వరసగా శెనక్కాయ పంట ఎండిపోతే, బోరు కింద ఉన్న ఒక్క ఎకరమూ అమ్మి, ఆ డబ్బు కళ్యాణదుర్గం ఏజెంటు చేతిలో పోసి వెళ్లిన మనిషి. జీతం కంపెనీ దగ్గరే జమవుతోందని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి చెప్పేవాడు. చివరికి తెచ్చింది సంచి నిండా ఆ దేశపు నోట్లు.

అక్కడ పొద్దున ఉన్న రొట్టె ధర సాయంత్రానికి ఉండేది కాదట. ఆ సర్కారు ఆరు సున్నాలు కొట్టేసి కొత్త డబ్బు అచ్చేసింది, పాతది మార్చుకోవడానికి గడువు పెట్టింది. గడువు దాటాక కంపెనీవాళ్లు మామకు పాత నోట్లు అంటగట్టి విమానం ఎక్కించారు. అనంతపురం బ్యాంకులో గుమాస్తా చెప్పేదాకా, భాష రాక కంపెనీ గేటు దాటని ఆయనకు ఈ సంగతే తెలియదు.

వాటిలో ఒకటి మాత్రం తళతళలాడేది. ఆ దేశపు స్వాతంత్ర్య పండగకని ప్రత్యేకంగా వేసిన పది లక్షల నోటు. జనం రొట్టె కోసం వరసలో నిలబడుతుంటే, ఏలేవాళ్లు దాని మీద బాణసంచా బొమ్మ వేయించారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మామ వెళ్లి నిలదీస్తే ఏజెంటు, "బ్యాంకోళ్లకేం తెల్సప్పా? పండగ నోటు దాచిపెట్టుకో, లక్షలు పలుకుతాది" అని పంపించాడు. మామ నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

నెల తిరక్కముందే ఆ ఏజెంటు పక్కింటి అబ్బాయిని పంపించడానికి మా ఊరికే వచ్చాడు. అత్త నా చెయ్యి పట్టుకుని పక్కింటికి వెళ్లింది. చెప్పు తీసుకుంటుందనుకున్నాను. ఆమె నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది.

"ఏమప్పా, మా తమ్మున్ని గూడా పంపిస్తాం. ఎంతయితాది?"

"యాభై వేలక్కా."

అత్త ఆ నోటు తీసి ముందు పెట్టింది. "లక్షలు పలుకుతాదని నువ్వే చెప్తివి కదా. తీసుకో. మిగతా దుడ్లు మెల్లగా ఇద్దువులే."

వాడు నవ్వాడు. "నాకెందుకక్కా, మీ దగ్గరే ఉండనీ."

"పోనీ ఐదొందలకు తీసుకో."

వాడు నోటును వేలితో వెనక్కి నెట్టాడు.

"ఐదు రూపాయలకు?"

వాడు లేవబోయాడు. ఆ అబ్బాయి నాన్న అడ్డంగా నిలబడి, "నేనిచ్చిన బయానా ఈడ పెట్టి పో" అన్నాడు. పెట్టి పోయాడు.

ఆ అబ్బాయి దక్కాడు. మా ఎకరం దక్కలేదు. అమ్ముకున్న ఆ మడిలోనే మామ కూలికి వెళ్లేవాడు. దారిలో ఆయన ఎదురైతే ఏం మాట్లాడాలో తెలియక నేను తల దించుకునేదాన్ని.

అత్త అడిగినట్టు అడగడం నాకు ఆరోజే వచ్చింది. తియ్యటి మాటలతో ఎవరైనా ఏదైనా అంటగట్టబోతే, నువ్వయితే తీసుకుంటావా అని అడుగుతాను. చాలామంది లేచి వెళ్లిపోతారు. వాళ్ల మీద నా కోపం ఇన్నేళ్లయినా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.