ఎక్కడానికి పన్నెండు నిమిషాలు

మా బావ నూట పద్దెనిమిది కిలోలు. అందులో సగం పాపం మా అక్క వంటది, మిగతా సగం ఆ కుర్చీది. అరవై మీటర్ల ఎత్తున, టవర్ క్రేన్ క్యాబిన్‌లో, పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే సాయంత్రం దాకా దిగడు. నేను కింద వాకీటాకీ పట్టుకుని, బరువు ఎటు పోవాలో చేత్తోనూ నోటితోనూ చెప్పేవాణ్ణి. సైట్‌లో అందరూ ఆయన్ని కొండ అనేవాళ్లు. ముఖం మీదే అనేవాళ్లు, ఆయనా పలికేవాడు.

ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో క్యాబిన్ గోడకు ఒక పట్టిక ఉంటుంది. దానికి పది కిలోలు మించినా బావ ఎత్తేవాడు కాదు. ఇంజనీరు కింద గొంతు చించుకుంటే, "మీరు అరిస్తే తాడుకి బలం వస్తుందా సార్?" అనేవాడు. అంత పట్టింపు ఉన్న మనిషి తన మోకాళ్ల దగ్గరికొచ్చేసరికి ఇలా చేస్తాడని నేననుకోలేదు. అనుకోలేదని ఇప్పుడు చెప్పడం కూడా అబద్ధమే. నాకు తెలుసు.

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు గోడకు ఒక కాగితం అంటించాడు. క్రేన్ నడిపేవాళ్లకు ఆరు వారాల్లో పరీక్ష. పన్నెండు నిమిషాల్లో క్యాబిన్ చేరాలి. చేరలేనివాళ్లకు గేటు దగ్గర డ్యూటీ. బావకు అప్పటికి ఇరవై రెండు నిమిషాలు పడుతోంది, అదీ మధ్యలో మూడుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంటూ.

"గేటు దగ్గర కూర్చుంటే నన్ను కొండ అని కూడా పిలవర్రా," అన్నాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

అక్క పట్టుబట్టి ఎముకల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. ఆవిడ మోకాళ్లు వంచి, చాపి, నొక్కి చూసింది.

"కీళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, చేజేతులా పాడుచేసుకోకండి. లావుగా ఉన్నవాళ్లు పరిగెత్తకూడదని కాదు. ముందు కొన్ని వారాలు నడక. తర్వాత ఒక్క నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మట్టి నేల మీద, పరుగుకి తగ్గ బూట్లతో, చిన్న చిన్న అడుగులతో. అదీ రోజు విడిచి రోజు. మధ్య రోజుల్లో కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ తొడలు గట్టిపరుచుకోండి, మోకాలికి అవే కాపలా. నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా, వాపొచ్చినా ఆపేసి నా దగ్గరికి రండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరిగెత్తొద్దు."

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అన్నాడు బావ.

"మూడు నాలుగు నెలలైనా పడుతుంది."

బావ బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు. ఇక మీరు ఆపొచ్చు అని దానర్థం.

మర్నాడే మొదలెట్టాడు, నడక కాదు, పరుగే. సైట్ చుట్టూ సిమెంటు రోడ్డు, కాళ్లకి పనిలో వేసుకునే ఇనుప ముక్కు బూట్లు. ఒక్క రోజు కూడా విడవలేదు. అడుగు పడ్డ ప్రతిసారీ ఆ చప్పుడు స్టోర్ గది దాకా వినిపించేది. మూడో వారానికి నాలుగు కిలోలు తగ్గాడు. అక్క మురిసిపోయి పక్కింటివాళ్లందరికీ చెప్పుకుంది. ఆ వారమే, ఆయన బట్టలు మార్చుకుంటుంటే కుడి మోకాలు నా కంటబడింది. చిప్ప ఎక్కడుందో తెలియడం లేదు. వాచి నున్నగా మెరుస్తోంది. లేచి నిలబడితే లోపల ఏదో టక్కుమంది. ఇద్దరం విన్నాం.

"మీ అక్కకి చెప్పకు," అన్నాడు. "ఇంకా మూడు వారాలేగా. పరీక్ష అయ్యాక నెల్లాళ్లు మంచం దిగను. రేపొచ్చేటప్పుడు నొప్పి మాత్రలు పట్రా."

తెచ్చాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అందుకే ఇప్పుడు ఎవరి మీద పళ్లు నూరాలన్నా నాకు సిగ్గేస్తుంది.

పరీక్ష రోజు పొద్దున రెండు మాత్రలు ఒకేసారి మింగాడు. ఆఫీసరు గడియారం నొక్కాడు. బావ ఎక్కడా ఆగకుండా పదకొండు నిమిషాల ఇరవై సెకన్లలో క్యాబిన్ చేరాడు. కింద అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆఫీసరు సంతకం పెట్టి తన గదిలోకి వెళ్లిపోయాడు. దిగడం గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

మధ్యాహ్నం దాటాక ఆకాశం ఒకవైపు నల్లబడింది. ఇసుక లేచి కళ్లలో పడుతోంది. పని ఆపి క్రేన్ల మీంచి దిగమని ఆఫీసరు చెప్పి పంపాడు.

"బావా, దిగు. గాలి పెరుగుతోంది."

"వస్తున్నా."

పది నిమిషాలైనా క్యాబిన్ తలుపు తెరుచుకోలేదు. మళ్లీ పిలిచాను.

"కాలు చాపలేకపోతున్నాన్రా." వాకీటాకీలో గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పొద్దుట్నుంచి మడిచి కూర్చున్నానుగా, అలాగే బిగుసుకుపోయింది. కాసేపు చూస్తా. ఆఫీసరుకి మాత్రం చెప్పకు. చెబితే ఈ కుర్చీ పోతుంది."

అంతలో తలుపు తెరుచుకుంది. ఒక బూటు బయటికొచ్చి నిచ్చెన మెట్టు కోసం గాలిలో వెతికింది. దొరకలేదు. మళ్లీ వెతికింది.

"లోపలికి పో బావా, నీకు దండం పెడతా."

బూటు ఇంకా వెతుకుతూనే ఉంది. నేను ఆఫీసరు గదికి పరిగెత్తాను. ఈసారి చెప్పేశాను.

పక్కనున్న రెండో క్రేన్ నడిపే అతను అప్పుడే దిగబోతుంటే ఆపారు. మనుషుల్ని దించే ఇనుప బుట్టని ఆ క్రేన్‌కి తగిలించి, అందులో ఇద్దర్ని పైకి పంపారు. ఇంకాస్త గాలి పెరిగితే ఆ బుట్ట కూడా లేపకూడదు. వాళ్లు బావని బెల్టులతో కట్టి బుట్టలోకి చేర్చారు. సైగలు నేనే చెయ్యాలి, ఆ క్రేన్ సైగల మనిషి అప్పటికే వెళ్లిపోయాడు. "మెల్లగా... కుడికి... ఇంకా మెల్లగా," అంటూనే ఉన్నాను. బుట్ట ఊగినప్పుడల్లా నా మాట తడబడింది. బావ రెండు చేతులతో మోకాలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

బుట్ట నేలకు తగిలింది. బావ కళ్లు తెరిచి నాకేసి చూడలేదు. పైన, తలుపు తెరిచే ఉన్న క్యాబిన్‌కేసి చూశాడు.

"రేపు ఎవర్ని ఎక్కిస్తారంట?" అన్నాడు.

నా వెనకాల ఆఫీసరు అప్పటికే ఫోన్‌లో ఎవరితోనో, పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్యమని చెబుతున్నాడు.