ఒక్క పేజీ తీయనన్న సారు

మా తెలుగు సారు పోయారన్న సంగతి నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. మిర్యాలగూడ బస్సు దిగుతున్న కండక్టరు, అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే, నన్ను చూసి ఆగి, "టీచరమ్మా, సారు నిన్న పొద్దుగాల పోయిండు. మాపటికే అంతా అయిపోయింది" అన్నాడు. ఇక వెళ్లినా చూడటానికి ఏమీ లేదు. అయినా అదే బస్సెక్కి వెళ్లాను. ఆయన పడుకునే మంచాన్ని ఎత్తి గోడకు ఆనించారు. దాని పక్కన, ఎవరూ కొనని ఆయన పుస్తకం కట్టలు నాలుగు ఉన్నాయి.

ఆ పుస్తకం గురించి చెబితేనే ఆయన గురించి చెప్పినట్టు.

మాడుగులపల్లి దగ్గరి బడిలో ఆయన మాకు తెలుగు చెప్పారు. మా కాపీలు పెన్సిలుతోనే దిద్దేవారు. "ఎర్రసిరా పెడితే పిల్లల పుస్తకం దెబ్బలు తిన్నట్టు కనవడతది" అనేవారు. తండా పిల్లలు బడిలో తమ భాష మాట్లాడితే మిగతా పంతుళ్లు కసిరేవారు. ఈయన మాత్రం వాళ్ల పక్కన చేరి, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగి, చెప్పింది చీటీ మీద రాసుకునేవారు. అట్లా రాసుకుంటూ రాసుకుంటూనే లంబాడీ ఆయనకు సొంత భాషలా వచ్చేసింది.

ఆ సంగతి తెలిసే, ఎనభైల మొదట్లో చర్చి పెద్దలు కొందరు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. నిజాం కాలంలో వాడపల్లి వైపు ఒక మిషనరీ దొరసాని ఉండేదట. సువార్తను లంబాడీలోకి తెచ్చింది ఆమేనట. ఆమె జీవితచరిత్ర రాసిపెట్టమని, ఆమె ఉత్తరాల పెట్టె తెచ్చి ఇచ్చారు. సారు రోజూ పొద్దున్నే దేవుడి గూట్లో దీపం పెట్టే మనిషి. మీకెందుకీ పని అని ఇరుగుపొరుగు అడిగితే, "ఒక భాష కోసం ఎండల తిరిగిన మనిషి. గామె కోసం నేను జర తిరిగితే ఏమైతది?" అన్నారు. ఆరేళ్లు తిరిగారు. అప్పటికి నేను కోదాడలో టీచర్ని. ప్రూఫులు దిద్దమని నాకే ఇచ్చారు.

ఒక పేజీ దగ్గర నా చేయి ఆగిపోయింది. దొరసానికి భాష నేర్పింది, తండా నుంచి ఆమె తెచ్చుకున్న పదేళ్ల పిల్ల. ఆ పిల్ల దొరసాని బంగళాలోనే జ్వరంతో చనిపోయింది. తల్లిదండ్రులకు చెప్పే ధైర్యం దొరసానికి లేకపోయింది. పెద్ద చదువుకు దూరం పంపించానని చెప్పింది. ఆ పిల్ల నేర్పిన మాటలతోనే అనువాదం పూర్తిచేసింది. చివరి రోజుల్లో స్నేహితురాలికి రాసి, పంపకుండా దాచుకున్న ఉత్తరంలో ఇదంతా ఒప్పుకుంది.

సారు ఆ తండాను వెతికారు. అది ఎప్పుడో చెదిరిపోయింది. బంగళాలో ఒకప్పుడు తోటపని చేసిన ముసలాయన మాత్రం ఆ పిల్లను పూడ్చిన చోటు చూపించాడు.

చర్చి పెద్దలు ఆ పేజీ తీసేయమన్నారు. తీస్తేనే సూర్యాపేట పుస్తకాల పండుగలో విడుదల సభ పెడతామన్నారు. నేనూ వాళ్ల మాటే అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"తీసేయండి సార్. ఒక్క పేజీయే కదా. ఆ పిల్ల సంగతి అడిగేటోళ్లు ఎవరున్నరు?"

ఆయన కోప్పడలేదు. "దొరసాని మంచిదే బిడ్డా. మంచోళ్లు సుత భయపడతరు. గది రాస్తే ఆమె తక్కువైపోదు. గానీ, గా పిల్లను రెండోసారి దాచిపెట్టుమంటే నాతోని గాదు" అన్నారు.

చర్చి పెద్దలు సభ లేదన్నారు. సారు పండుగలో ఒక మూల బల్ల వేయించుకుని తానే పుస్తకాలు పేర్చారు. వెనక దొరసాని ఫొటో పెద్దది చేయించి కట్టారు. చర్చివాళ్లు మొహం తిప్పుకుని పోయేవారు. తెలిసినవాళ్లు "ఏం పంతులూ, మతం మారినవా?" అని నవ్వేవారు. సారు పుస్తకాల మీద పడ్డ దుమ్మును భుజం మీది తువ్వాలతో తుడుస్తూ కూర్చునేవారు.

చివరి రోజు మధ్యాహ్నం, మునగాల వైపు తండా నుంచి ఒక ముసలమ్మ కోడలి చేయి పట్టుకుని వచ్చింది. ఫొటో ముందు నిలబడి కళ్లు చిట్లించి చూసింది.

"గీ దొరసాని మీద బుక్కు ఏసింది నువ్వేనా సారూ? మా అక్కను గీమెనే సదువుకు తోలింది. మా అమ్మ సచ్చేదాక ఎదురుసూసింది. పెద్ద సదువు సదివి మమ్ముల మర్సిందని అక్కను తిట్టుకున్నం. నీ బుక్కుల అక్క అడ్రస్ ఉంటదా?"

సారు చేతిలోని తువ్వాలను పక్కన పెట్టారు. నేను తల దించుకున్నాను. ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని ఆ పేజీ తెరిచారు. తెలుగులో రాసినదాన్ని లంబాడీలో, తగ్గు గొంతుతో, ఆగి ఆగి చెప్పారు. నాకు మాటలు అర్థం కాలేదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకోవడం మాత్రం చూశాను. చాలాసేపటికి, "నన్ను మా అక్క ఉన్న కాడికి తీస్కపో సారూ" అంది.

ఆ తర్వాత ఆయన మరో పుస్తకం రాయలేదు. అడిగితే, "ఒక్కటి సరిగ్గ రాస్తే సాలదా?" అనేవారు. ఆయన్ను తలుచుకుంటే నాకు ఆ పుస్తకం కన్నా ముందు, ఆ ముసలమ్మ వచ్చిన మర్నాటి పొద్దు గుర్తొస్తుంది.

మేం నలుగురం బస్సులో వాడపల్లి వైపు వెళ్లాం. బంగళా కూలిపోయింది. వెనక సర్కారు తుమ్మల మధ్య, చుట్టూ రాళ్లు పాతిన చిన్న చోటు. ముసలమ్మ దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది గాదు సారూ. మా అక్క పెద్దది. నన్ను సంకనెత్తుకొని తిరిగేది. గింత సిన్నగ ఎట్లుంటది?"

 ఆమె మెల్లగా కూలబడి, ఈ చివరి రాయి నుంచి ఆ చివరి రాయి దాకా జానలతో కొలిచింది. కొలిచిన చేతిని అక్కడే నేలకు ఆనించి కాసేపు ఉంచింది. తర్వాత గడ్డి పీకడం మొదలుపెట్టింది. సారు పంచె ఎగ్గట్టి ఆమెకు ఎదురుగా గొంతుకూర్చున్నారు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముతో తెల్లబడ్డ ఆ గడ్డిని ఆమె ఒక పక్క నుంచి, ఆయన ఒక పక్క నుంచి పీకుతూనే ఉన్నారు. ఇద్దరి మధ్యా, పదేళ్ల పిల్ల పడుకున్నంత మేర, నల్లటి నేల కొంచెం కొంచెంగా బయటపడింది.