కోదండం కూర్చునే చోటు

తారాతలా సిగ్నల్ దగ్గర కోదండం ఎడమకాలు కిందికి దించబోతే అది దిగలేదు. మోకాలి నుంచి మడమదాకా తిమ్మిరెక్కి, కాలు ఉందో లేదో కూడా తెలియలేదు. మోటారుబండి నిదానంగా ఎడమవైపుకి ఒరిగింది. నూట ఇరవై కిలోల మనిషి ఒరిగాక ఆపడం ఆ చిన్న బండికి చేతనవుతుందా? వెనక పక్కకి తిరిగి కూర్చున్న భార్య అప్పమ్మ అన్నం సంచితో సహా రోడ్డు మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. సంచిలోని అన్నం క్యారియరు దొర్లుకుంటూ పోయి ఒక ట్యాక్సీ చక్రం దగ్గర ఆగింది.

“నీకూ నీ బండికీ ఒక నమస్కారం మావా. రేపట్నుంచి నాను ఆటోలో వత్తాను,” అంది అప్పమ్మ, లేచి చీర దులుపుకుంటూ.

మొగుడూ పెళ్లాలిద్దరూ గార్డెన్ రీచ్‌లో మున్సిపాలిటీ పారిశుధ్య పనివాళ్లు. ఆయన ఒక జట్టుకి సర్దారు, ఆమె పక్క వీధుల్లో ఊడుస్తుంది. ఆరింటికల్లా హాజరీలో నిలబడాలి. కాపురం బడ్జ్ బడ్జ్‌లో. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ కలిసి బండి మీదే వెళ్తున్నారు. బండి ఒకసారి మారింది, మనిషి మాత్రం ఏడాదికేడాది పెరిగాడు.

అప్పమ్మ అన్నంత పనీ చేసింది. మూడు ఆటోలు మారాలి. నాలుగింటికే లేచినా రెండు వారాల్లో రెండుసార్లు ఆలస్యమైంది. హాజరీ బాబు ఆమె పేరు పక్కన రెండు ఎర్ర గీతలు పెట్టాడు. మూడో గీత పడితే ఒక రోజు పనికి రానట్టే లెక్క. కోదండం కూడా ఆటోలోనే వెళ్దామంటే డ్రైవర్లు దూరం నుంచే చెయ్యి ఊపేస్తారు. వెనక ముగ్గురు పట్టే చోట ఆయనొక్కడే ఇద్దరు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఆమెను మళ్లీ బండెక్కించాలంటే ముందు ఆ కాలు మాట వినాలి.

సీటు ఒత్తుకునే నడుం నొప్పీ కాలి తిమ్మిరీ వస్తున్నాయనుకుని, బజారులో దిండు కొని సీటుకి కట్టుకున్నాడు. అది రెండు రోజుల్లో అప్పడమైంది. దుప్పటి మడిచి వేసుకుంటే వానకి తడిసి మరింత నొప్పి. జట్టులోని జయప్రకాశ్ అయితే, “దాదా, సీటు మారిత్తే ఏటవుద్ది? కూకున్నోడు మారాల గానీ!” అని అందర్నీ నవ్వించాడు. కోదండం కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకో రెండు అంటారని తెలుసు.

చివరికి ఒక ఆదివారం వాట్‌గంజ్‌లో మల్లేశు కొట్టుకి వెళ్లాడు. మల్లేశు తాత తెలుగు ఊరి నుంచి ఇక్కడి రేవుకి ఓడల్లో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. మల్లేశు లారీలకీ బండ్లకీ సీట్లు కుడతాడు. కోదండాన్ని బండి మీద కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీతలోపల పాత స్పాంజి కోసి గట్టి స్పాంజి వేశాడు, అంచులు వెడల్పు చేసి కొత్త రెక్సిన్ కుట్టాడు. “బాబాయ్, ఇంక సోఫాయే,” అన్నాడు.

వారం గడిచినా నొప్పి నొప్పిలాగే ఉంది. తర్వాతి ఆదివారం కోదండం మళ్లీ వచ్చాడు.

“సోఫా అన్నావు కదేటి? ముల్లు మీద కూకున్నట్టుంది.”

“ఎక్కి కూకో, సూద్దారి,” అన్నాడు మల్లేశు. ఈసారి సుద్ద పట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. కోదండం పొట్ట ట్యాంకు మీదికి ఎక్కి ఉంది. మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. వెనక సగం సీటు ఖాళీ.

“బాబాయ్, ట్యాంకు మీద ఎందుకు కూకుంతావు? ఎనక అంత జాగా ఉంది.”

“అది దానిదిరా.”

“పిన్ని నేదు కదా ఇక్కడ!”

కోదండం వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, ఎవరూ లేరు. ఆమె ఆటోలో వెళ్లిన మూడు వారాలూ ఆయన ఇలాగే ముందుకి నెట్టుకునే కూర్చున్నాడు. కొలత ఇవ్వడానికి వచ్చిన రోజు కూడా ఇలాగే కూర్చున్నాడు. మల్లేశు గీత తప్పు చోట పడింది.

“పిన్నిని తీసుకురా. ఇద్దరికీ కలిపి కొలవాల,” అన్నాడు మల్లేశు.

రానంది అప్పమ్మ. మోచెయ్యి మచ్చ చూపించింది. కానీ మూడో ఎర్ర గీత పడుతుందన్న భయం ఆమెకీ ఉంది. ఆ సాయంత్రం ఆమే చెప్పులేసుకుంది.

కొట్టు ముందు ఆగిన బండి మీద ఇద్దరూ ఎక్కారు. అప్పమ్మ అలవాటుగా అన్నం సంచిని తనకీ మొగుడికీ మధ్య పెట్టుకుంది. మల్లేశు జేన పెట్టి కొలిచాడు. సంచి జేనెడు జాగా తింటోంది.

“పద్దెనిమిదేళ్ల నుంచీ ఈ సంచి ఇక్కడేనా పిన్నీ?”

“మరెక్కడెడతాను? ఒళ్లో ఎడితే పులుసు ఒలికిపోద్ది.”

“మీరిద్దరు కాదు, ముగ్గురెల్తన్నారు!”

మల్లేశు బండి పక్కన ఇనప కొక్కెం బిగించి సంచి దానికి తగిలించాడు. కోదండాన్ని జేనెడు వెనక్కి జరగమన్నాడు. ఆయనకి పడిపోతానేమో అనిపించింది. కాళ్లు ఆనించే కడ్డీలు వెనక్కి మార్చి, స్పాంజి మళ్లీ కోసి, కొత్త గీత మీద కుట్టాడు. “నొప్పి పూర్తిగా పోదు బాబాయ్. కాలు మాత్రం ఇంటాది,” అన్నాడు.

సోమవారం తెల్లవారుజామున సన్నగా వాన. బండి మహేశ్‌తలా దాటింది. రెండుసార్లు ఆయన తెలియకుండానే ముందుకి జారాడు. రెండుసార్లూ అప్పమ్మ చొక్కా పట్టి వెనక్కి లాగింది.

“నీ యీపు పొయ్యిలా కాల్తంది మావా.”

“దిగి ఆటో ఎక్కు.”

తారాతలాలో ఎర్ర దీపం పడింది. అప్పమ్మ ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. కోదండం ఎడమకాలు దించాడు. చెప్పు కింద తడి రోడ్డు తగిలింది.

“ఆనిందా?”

“ఆనింది.”

ఆరుకి ఏడు నిమిషాల ముందు చేరారు. అప్పమ్మ సంచి తీసుకుని హాజరీకి పరుగెత్తింది. కోదండం కాసేపు బండి మీదే కూర్చున్నాడు. నడుం ఇంకా లాగుతూనే ఉంది. కూర్చోవడం కుదిరింది కానీ దిగడం ఇప్పటికీ కష్టమే. లోపల పేర్లు పిలవడం మొదలైంది. హ్యాండిల్ పట్టుకుని కుడికాలు మెల్లగా ఎత్తాడు.