వేడిని చూసే కన్ను, మా మేడం

మా మేడం పోయారన్న కబురు వచ్చిన ఉదయం నేను బెంగుళూరు ల్యాబులో ఉన్నాను. ఆకాశంలో, మా ఉపగ్రహంలో ఆపేసిన కూలర్ మళ్లీ తిరుగుతుందా లేదా అని గోళ్లు కొరుక్కుంటున్నాను. ధర్మవరం నుంచి ఆమె తమ్ముడి ఫోన్. "అక్క పోయిందబ్బా. నువ్వు రావద్దు, ఆడే ఉండు. అది చూస్తాందో లేదో కనుక్కోమని నిన్న గూడా అనింది."

'అది' అంటే మా ఉపగ్రహంలోని ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్, వేడిని చూసే కన్ను. దాన్ని ఆ కూలర్‌తో గడ్డకట్టే చలిలో ఉంచాలి, లేకపోతే తన ఒంటి వేడే తనకు అడ్డమొస్తుంది. ఏళ్ల తరబడి అంతరిక్షంలో రేడియేషన్ తగిలి, దాని చిత్రాల్లో లేనిపోని తెల్లచుక్కలు పుట్టాయి. దాని పని అయిపోయిందని అందరూ అన్నారు. మేడం ఒప్పుకుంటేనా!

ఆమెది పట్టుచీరలు నేసే ఇల్లు. రంగు వేసినప్పుడల్లా గుప్పెడు దారం పెట్టెలో దాచి, ఇంకో గుప్పెడు ఎండలో వేలాడదీసేవాళ్లట. రెండూ పక్కపక్కన పెడితే ఎండ రంగును ఎంత తిన్నదో తెలిసిపోతుంది. మేడం డిటెక్టర్‌కూ అదే పద్ధతి పెట్టారు. పైకి వెళ్లినదాని కవలను కింద ఉంచారు. దాన్ని చల్లబరిచి, రేడియేషన్‌తో కొట్టి, చుక్కలు పుట్టాక మామూలు వేడికి తెచ్చి, మళ్లీ చల్లబరిచారు. చుక్కలు చాలావరకు మాయం. నేను కుర్చీలోంచి గంతేశాను.

"కూచోబ్బా. దెబ్బ తిన్నోళ్లను కాసేపు పండుకోనిస్తే వాళ్లే లేస్తారు," అన్నారు.

హిందూపురం నుంచి బెంగుళూరుకు రోజూ ఒకే రైల్లో వెళ్లేవాళ్లం. ఉగ్గాని డబ్బా నా చేతిలో పెట్టి, "తినుకుంటా ఇను," అని పాఠం మొదలుపెట్టేవారు. నాకు వచ్చిన విద్యంతా ఆ రైలు పెట్టెలోదే. ఆ రుణం ఎట్లా తీరుతుంది?

పైనున్నదాన్ని వేడెక్కించాలంటే కూలర్ ఆపాలి. మళ్లీ తిరగకపోతే ఏం చేస్తారని మీటింగులో పెద్దాయన అడిగారు. "చూపే పోయినంక చలువ ఎందుకు సార్?" అన్నారు మేడం. అనుమతి వచ్చేసరికి ఆమె మంచం పట్టి ధర్మవరంలోని పుట్టింటికి చేరుకున్నారు.

మధ్యాహ్నం కూలర్ తిరిగింది. ఒక్క పూట ఆగలేకపోయారా అని ఆమె మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఉపగ్రహం మన సీమ మీదుగా పోయింది. తెర మీద పెనుకొండ కొండ పగటి ఎండను ఇంకా వదలక తెల్లగా కనిపించింది. చిత్రమంతా కడిగిన పలకలా ఉంది. ధర్మవరం పక్కన, చిత్రావతి ఒడ్డున మాత్రం ఒక చుక్క. నా ప్రాణం ఉసూరుమంది. పాడైన చుక్కయితే ఏ ఫ్రేములోనైనా అదే చోట ఉంటుంది. తర్వాతి ఫ్రేము తెరిచాను. చుక్క నేలతో పాటు జరిగింది. నిజమైన వేడి అది.

మేడం తమ్ముడికి ఫోన్ చేశాను. "యాడుండావన్నా?"

"ఏటిగడ్డన ఉండామబ్బా. ఇందాకే నిప్పు పెట్టినాం."

"కనబడతాండాదన్నా," అన్నాను.