మా మరిది గెలిచిన పందెం

మా చెల్లెలి మొగుణ్ణి నేను వాడు అనే అంటాను. అతను, ఆయన అని చాన్నాళ్ళు మర్యాదగానే పిలిచాను. ఇంక నా వల్ల కాదు.

వాడూ మా ఆయనా తోడల్లుళ్ళు. తలుపులకు బిగించే మడతబందులు తయారుచేసే షెడ్డులో ఇద్దరివీ రేకు కొట్టే పక్కపక్క ప్రెస్సులు. వాటికి ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని బందుల్ని అట్టపెట్టెల్లో సర్దడం నా పని. వాడి బతుకు నాకెవరూ వచ్చి చెప్పక్కర్లేదు, కళ్ళారా చూశాను.

మొదట్లో వాడంటే షెడ్డంతటికీ ఇష్టమే. దేనికైనా పందెం కాసేవాడు. మేస్త్రీ ఈ పూట ఎవరిమీద విరుచుకుపడతాడు, భోజనాల లోపు కరెంటు పోతుందా పోదా, అన్నిటికీ ఒక టీ. నేనూ కాశాను. రోజుకి ఒకటే పందెం, టీ దాటకూడదు, ఓడినా మొహం మాడ్చుకోకూడదు అని వాడే నియమం పెట్టుకున్నాడు. ఓడితే టీ ఇప్పించి, "ఇవాళ్టికి చాలు వదినా" అని నవ్వుకుంటూ పనిలోకి పోయేవాడు. అలా ఉన్నంతకాలం నేనూ తప్పు పట్టలేదు.

టీ పోయి రోజు కూలి పందెం వచ్చింది. ఆ తర్వాత షెడ్డు చాలక, సాయంత్రాలు పేకాట గదిలో కూర్చోవడం మొదలైంది. అడిగితే ఓవర్‌టైమ్ అని అబద్ధం. ఓడిన మర్నాడు ఎవరు పలకరించినా కరిచేలా చూసేవాడు. ఒకరోజు స్టోరు చూసే పెద్దాయన చేతిలో ఓడి, "ఇంకొక్కటి కాయి" అని దారికడ్డం నిలబడ్డాడు. ఆయన "చాల్లే నాయనా" అని పక్కకి తప్పుకోబోయాడు. వీడు స్పానరుతో మూతిమీద కొట్టాడు. పెద్దాయన పళ్ళు నా ముందున్న బందుల కుప్పలో పడ్డాయి. నెత్తురు తుడిచి ఆ బందుల్ని పెట్టెలో సర్దింది నేనే. ప్రెస్సు నడిపేవాళ్ళు దొరకరని మేస్త్రీ వాణ్ణి పనిలోనే ఉంచాడు.

అదే వారంలో మా చెల్లి పెదవి చిట్లి, కన్ను వాచి మా ఇంటికొచ్చింది.

"తలుపు తగిలిందక్కా" అంది.

తలుపుల బందులు చేసేచోట పనిచేసేదాన్ని. ఏ తలుపు ఎక్కడ తగులుతుందో నాకు తెలీదా? తెల్లారి షెడ్డు గేటు దగ్గర వాడి రెక్క పట్టుకుని నిలదీశాను.

"పోయినదంతా రాబట్టుకుని ఆపేస్తా వదినా. పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలంటారుగా" అన్నాడు.

"పోయింది నీ బుద్ధి. దాన్ని పేకముక్కల్లో వెతుకుతున్నావా?"

వాడు నా చెయ్యి విదిలించి కొట్టాడు. గేటు ఇనుపచువ్వకి నా మోచెయ్యి తగిలి చీరుకుపోయింది. అది చూసి మా ఆయనకి తెగువ వచ్చింది, కానీ తెలివి రాలేదు. పాపం, ఆయనది మెత్తటి మనసు. నేరుగా వాడి దగ్గరికి వెళ్ళి, "భోజనాల గంటలోపు ఎవరు ఎక్కువ బందులు కొడితే వాళ్ళది గెలుపు. నువ్వు గెలిస్తే నా నెల జీతం నీది. నేను గెలిస్తే నువ్విక ఆట ముట్టకూడదు" అన్నాడు.

"తాగుబోతుకి మందు మాన్పించడానికి సీసా పందెం పెడతావా?" అని అరిచాను.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలే" అన్నాడు మా మహానుభావుడు.

మా ప్రెస్సులకి దూరదూరంగా రెండు మీటలుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న అచ్చు దిగుతుంది. అప్పుడిక అచ్చు కింద చెయ్యి ఉండే వీలు లేదు. కానీ తొందరపడేవాళ్ళు ఒక మీటలో కర్రముక్క ఇరికించి, ఒక చేత్తో రేకు తోస్తూ రెండో చేత్తో నొక్కుతారు. మేస్త్రీ చూసీ చూడనట్టు పోతాడు. మా ఆయన ఏనాడూ ఆ పని చెయ్యలేదు. ఆ రోజు చేశాడు, తోడల్లుణ్ణి బాగుచెయ్యాలని.

రెండు ప్రెస్సులూ దబదబా పడుతున్నాయి. నేను పెట్టెలు వదిలేసి మా ఆయన చేతుల్నే చూస్తున్నాను. గంటకి ఇంకాస్త టైముందనగా రేకు వంకర పోయింది. సరిచెయ్యడానికి వేళ్ళు లోపలికి పెట్టాడు. రెండో చెయ్యి ఆ ఊపులోనే మీట నొక్కేసింది.

ఆ కేక నేను బతికినన్నాళ్ళూ మర్చిపోను. రేకు మీద నెత్తురు చిమ్మింది. మేస్త్రీ పరిగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్చి లాగేదాకా పక్క ప్రెస్సు ఇంకా పడుతూనే ఉంది. దబ్. దబ్. ఆ తర్వాత మా మరిది మెడ తిప్పాడు. మా ఆయన వైపు కాదు, మా ఆయన ప్రెస్సు మీద ఎన్ని బందులు పడ్డాయో చూపే లెక్క మీటరు వైపు.

అది నేను చూశాను. బల్ల మీదుగా దూకి, చేతికందిన ఇనుపబద్దతో వాడి నెత్తిమీద బాదాను. వాడు పడిపోయినా బాదాను. చెవి తెగి వేలాడింది. ముగ్గురు లాగితే గానీ ఆగలేదు. దానికి నేనేమీ బాధపడటం లేదు.

ఆస్పత్రిలో మా ఆయన రెండు వేళ్ళు పూర్తిగా తీసేశారు, మూడోది సగానికి. మంచం పక్కన చెవికి కట్టుతో వాడు నిలబడ్డాడు. నా వెనక మా చెల్లి.

"అన్నయ్యా, నువ్వు అరవడం వినబడింది. అయినా నా చెయ్యి ఆగలేదు. ఎవరు ముందున్నారో చూడాలనిపించింది. నేనే ముందున్నాను" అన్నాడు. ఏడుస్తున్నాడు. వాడు మోకాళ్ళమీద కూలబడి, "ఇక జన్మలో ఆడను. నమ్మవా? పందెం కాస్తా" అన్నాడు.

అన్నాక ఆ మాట వాడికే వినబడింది. తల గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. గోడ మీద నెత్తురు మరక పడింది.

మా చెల్లి ముందుకొచ్చి వాడి కాలరు పట్టుకుని లేపింది. ఇంత బలం దానికెక్కడిదో నాకు తెలీదు. అటుగా వస్తున్న డాక్టరమ్మ ముందు వాణ్ణి నిలబెట్టింది.

"ఈయనకి జూదం జబ్బుందమ్మా. దీనికి వైద్యం ఉంటే చెయ్యండి. నయమయ్యేదాకా నేను ఇంట్లోకి రానివ్వను."

వాడు వదిలించుకోలేదు. "అవునండీ, ఉంది" అన్నాడు.