రెండు మైళ్ళ మొహమాటం

అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో నడిచేవాళ్ళు రెండే రకాలు: కారు చెడిపోయినవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పాలు తేవాలన్నా కారు తీయాల్సిందే. జీపీఎస్ డబ్బాను అద్దానికి అతికించుకుని తిరిగే రోజులవి. అందుకే ఒక చలి ఉదయం, ఫుట్‌పాత్ కూడా లేని రోడ్డు పక్కన, అరవై దాటిన తెల్లావిడ సంచీ తగిలించుకుని నడుస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. నా తెల్ల కారు ఆపాను.

ఆవిడ ఇంగ్లండ్ నుంచి వచ్చిన కవయిత్రి. రెండు మైళ్ళ అవతలి కాలేజీలో ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి వచ్చి, మా అపార్ట్‌మెంట్లలోనే అద్దెకుంటోంది. డ్రైవింగ్ రాదు. ఎక్కమంటే వద్దంది. మన దగ్గర మొదటి ‘వద్దు’ మొహమాటం, రెండోది మర్యాద. మూడోసారి అడిగితేనే అడిగినట్టు లెక్క. మూడోసారి అడిగాను. ఎక్కింది. ఇక ఆ రోజు నుంచి నేను వదల్లేదు, రోజూ కాలేజీ దాకా దింపేదాన్ని. దారి పొడవునా నా వీసా ఎక్స్‌టెన్షన్ గురించీ, కుండీలో ఎండిపోతున్న కరివేపాకు మొక్క గురించీ వాగుతూనే ఉండేదాన్ని. ఆవిడ తల ఊపుతూ వినేది. ఎంత పుణ్యం మూటగట్టుకుంటున్నానో అని తెగ మురిసిపోయాను.

రెండు నెలలకు ఆవిడ లైబ్రరీలో కవితలు చదువుతోందంటే మా ఆయన్ని లాక్కెళ్ళాను. ఎలా రాస్తారని ఎవరో అడిగారు. కూర్చుంటే తనకేమీ రాదనీ, నడుస్తుంటేనే మాటలు వస్తాయనీ, వచ్చిన మాటల్ని పెదవుల మీదే ఉంచుకుని చేరాక కాగితం మీద పెడతాననీ చెప్పింది. వేసవికల్లా కొత్త పుస్తకం ఇవ్వాలట, దాని చివరి భాగం ఇక్కడే రాయాలట. ఎంతవరకు వచ్చిందని మళ్ళీ అడిగారు.

“ఇంకా ఒక్క కవితా రాలేదు. ఈ ఊరివాళ్ళు చాలా మంచివాళ్ళు,” అంది.

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కారెక్కాక మా ఆయన, “రోజూ పికప్ చేసి ఆమె బుక్ మొత్తం క్యాన్సిల్ చేసినవ్ గదనే,” అన్నాడు.

మర్నాడు అదే రోడ్డు మీద ఆవిడ కనపడింది. కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. నెమ్మదించి, చెయ్యి ఊపి, ఆపకుండా వెళ్ళిపోయాను. నాకు కోపం వచ్చిందనుకుంటుందేమోనని ఆ రోజు ఆఫీసులో పని సాగలేదు. ఆవిడ ఇంటికెళ్ళి చెప్పేద్దామనుకుని, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఏమని చెప్పను?

చలికాలమంతా అలాగే గడిచింది. మంచు పడ్డ రోజు మాత్రం ఆపకుండా వెళుతుంటే ఏడుపొచ్చింది. కొన్నాళ్ళకు ఆవిడ నా కారు వైపు చూడటమే మానేసింది. పెదవులు కదులుతున్నాయి. ఆవిడ నా పక్క సీట్లో కూర్చున్న రోజుల్లో కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆవిడ వెళ్ళిపోయిన మరుసటి ఏడాది పుస్తకం పోస్టులో వచ్చింది. పప్పు పొయ్యి మీద పెట్టి, సిగ్గు లేకుండా నా పేరు కోసం వెతికాను. ఎక్కడా లేదు. చివరి కవితలో మాత్రం రోజూ ఒక తెల్ల కారు దగ్గరికొచ్చి నెమ్మదిస్తుంది, ఆగదు. ఆగకుండా వెళ్ళడం లోపలున్నామెకు ఎంత కష్టమో నడిచే మనిషికి తెలుసట.

స్టవ్ కట్టేసి, అక్కడే కూర్చుని ఏడ్చాను.