మామ్మ కిటికీలోంచి కర్రపెండలం

ఈ ఉదయం పక్కింటి ఇనుప గ్రిల్ బార్లా తెరిచి ఉంది. తాళం నేలమీద, చెప్పుల పక్కన పడి ఉంది. తెల్లవారుజామున మామ్మ నిద్రలోనే పోయారని వాళ్లబ్బాయి చెప్పారు.

బెడోక్‌లో మా ఫ్లాట్ల బ్లాకులో, కారిడార్ చివరి మూల ఇల్లు మామ్మది. లిఫ్టు దగ్గర పడిపోయినప్పటి నుంచి, కొడుకు పనికి వెళ్తూ గ్రిల్‌కి తాళం వేసేవారు. నేను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాను. ఎవరైనా పలకరిస్తారేమోనని ఖాళీ లిఫ్టు కోసం ఆగే మనిషిని. మధ్యాహ్నాలు గ్రిల్‌కి అటు ఆవిడ, ఇటు నేను కూర్చుని, నా టాబ్లెట్‌లో యుద్ధకాలపు అమెరికా కార్టూన్లు చూసేవాళ్లం.

దీపాలార్పమని కాపలా కుక్క వీధంతా అరిస్తే, మిణుగురు పురుగు కంగారుగా తన తోక మీద కూర్చునేది. మామ్మ దగ్గొచ్చేదాకా నవ్వేవారు. పెరట్లో గింజ పడగానే గుమ్మడికాయ ఇంటినే ఎత్తేసే బొమ్మకు మాత్రం మొహం ముడుచుకునేవారు.

"అబద్ధం లా! జపాన్‌వాళ్ల కాలంలో మా ఉబి ఊరడానికి నెలలు పట్టేది."

మలేషియాలో పుట్టిన మామ్మకు మాట చివర 'లా' అనడం అలవాటు; కర్రపెండలం ఎప్పుడూ ఉబియే.

"నాన్నని జపాన్‌వాళ్లు సయాం రైలు దారి వేసే పనికి పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు. అమ్మ నన్ను లోపల పెట్టి, గడియేసి, ఉబి తవ్వడానికి పోయేది. బొమ్మల్లో యుద్ధమంటే ఢాం ఢాం. నాకైతే మూసిన తలుపు, పాపా."

మా బ్లాకు కింద అందరూ కలిసి పెంచే తోట ఉంది. ప్రతి ఆదివారం కొడుకుని అడిగేవారు: "ఒక్కసారి కిందకి దింపరా, తోట చూస్తాను."

"వచ్చే వారం అమ్మా." ఆయన భయం ఆయనది.

ఒకరోజు గ్రిల్ సందులోంచి, కొడుకుతో తెప్పించుకున్న కర్రపెండలం కాడ ముక్క నా చేతిలో పెట్టారు.

"కింద తోటలో పాతు."

"అక్కడ అంకుల్స్ ఉంటారు మామ్మా. అడగాలి."

"అడుగు. నా తలుపుకి తాళముంది. నీకేమొచ్చింది? పో, నేను కిటికీలోంచి చూస్తుంటా."

మూల ఇల్లు కనుక మాకు లేని పక్క కిటికీ వాళ్లకుంది. మామ్మ చూస్తున్నారన్న ధైర్యంతోనే దిగాను. తోట చూసుకునే చైనీస్ అంకుల్ కాస్త చోటు చూపించారు. రోజూ నీళ్లు పోసి పైకొచ్చేసరికి మామ్మ గ్రిల్ పట్టుకుని నిలబడి ఉండేవారు.

"చూశాలే. ఆ అంకుల్‌తో బాగానే కబుర్లాడుతున్నావు. ఇంకో ఆకు వేసిందా?"

నేను చెప్పేదాన్ని. కొత్త ఆకు రంగు, కాడ ఎరుపు, అంకుల్ వేసిన జోకు కూడా. ఇప్పుడు లిఫ్టులో ఎవరున్నా ఎక్కుతున్నాను.

ఈ ఉదయం మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మామ్మని చూసి, మంచం పక్కనున్న ఆ కిటికీ తెర తొలగించాను.

ఎదురుగా పక్క బ్లాకు గోడ. తోట అక్కణ్నుంచి కనిపించదు.